గనిలో ఉన్న బంగారం షేరు ధరలో ఎందుకు కనపడదు? విటోల్డ్ హెనిష్ పరిశోధన మీద మీ మాట

పినాకిని | నెల్లూరు
13 సెప్టెంబరు 2025, రాత్రి 9:40

నమస్కారం. ఎంబీఏ పిల్లలకు స్ట్రాటజీ చెబుతుంటాను. వచ్చే గురువారం మా దగ్గర సెమినార్. అమెరికాలోని వార్టన్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ విటోల్డ్ హెనిష్ పరిశోధన గురించి నేను మాట్లాడాలి. స్లయిడ్లు అయిపోయాయి కానీ, చదువుకుంటే నాకే పొడిపొడిగా ఉన్నాయి. అందుకే ఇక్కడ పెడుతున్నా.

2014లో ఆయన మరో ఇద్దరితో కలిసి స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్ జర్నల్‌లో ఒక వ్యాసం రాశారు. 1993 నుంచి 2008 వరకు, స్టాక్ మార్కెట్లో లిస్టయిన 19 కంపెనీల చేతిలో ఉన్న 26 బంగారు గనులు తీసుకున్నారు. గనిలో ఎంత బంగారం ఉందో అంచనా ఉంటుంది. తవ్వకం ఖర్చు తెలుసు. బంగారం ధర రోజూ పేపర్లో వస్తుంది. కాబట్టి కంపెనీ విలువ కట్టడం పెద్ద కష్టం కాకూడదు. కానీ మార్కెట్ ఆ విలువలో 72 శాతం కోసేస్తోంది. ఖర్చులన్నీ పోను నూరు రూపాయలు తేలాల్సిన సరుక్కి 28 రూపాయలు కడుతోందన్నమాట.

ఈ కోత దేనికో వెతికారు. గని చుట్టూ ఉన్నవాళ్లు, అంటే ఊరి జనం, మంత్రులు, యూనియన్లు, ఎన్జీవోలు, కంపెనీతో సఖ్యంగా ఉన్నారా, తగువు పడుతున్నారా అని వార్తల్లోంచి 50 వేలకు పైగా సంఘటనలు ఏరారు. వాటికి మార్కులు వేసి ఒక సూచీ కట్టారు. ఆ సూచీని లెక్కలో కలపగానే 72 శాతం కాస్తా ఒక పద్ధతిలో 37కి, ఇంకో పద్ధతిలో 13కి దిగింది. మార్కెట్‌కి బెంగ నేల కింద ఉన్నదాని గురించి కాదు, నేల మీద ఉన్న మనుషుల గురించి!

ఎగుమతుల్లో, ఫార్మాలో ఉన్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా. ఇది మీ అనుభవానికి అతుకుతుందా?


గోదారోడు75 | భీమవరం దగ్గర
రాత్రి 10:05

మేడం గారూ, దీనికి వార్టన్ దాకా వెళ్లాలాండీ? మా వైపు చెరువు కౌలుకి తీసుకునేవాడు పక్క చెరువువాడు ఎలాంటోడో ముందు కనుక్కుంటాడు. నీళ్లు తోడే బోదె మీద ఎవడి పెత్తనం ఉందో చూస్తాడు. ఎకరం ఎంతని అడిగేది ఆ తర్వాతే.


డాలస్_రావు
రాత్రి 10:31

గోదారోడు గారూ, మీరన్నది నిజమే. కానీ "పక్కోడు మంచోడు కాదు" అని తెలియడం వేరు, దానివల్ల కౌలు ఎంత తగ్గించాలో చెప్పగలగడం వేరు. నేను ఇన్సూరెన్స్‌లో పనిచేస్తాను. పొలిటికల్ రిస్క్ ఇన్సూరెన్స్ అని ఒకటుంది. ప్రపంచ బ్యాంకు గ్రూపులో మిగా అనే సంస్థ 1988 నుంచి ఇదే పని చేస్తోంది. ప్రభుత్వం ఆస్తి లాక్కుంటే, డబ్బు డాలర్లలోకి మార్చుకుని బయటికి తెచ్చుకోనివ్వకపోతే, యుద్ధం వస్తే, ప్రభుత్వమే ఒప్పందం తప్పితే కవర్ ఇస్తారు. ఊరివాళ్లకి మీరంటే గిట్టకపోతే ఇచ్చే కవర్ మాత్రం నేనెక్కడా చూడలేదు. హెనిష్ పట్టుకున్నది సరిగ్గా ఆ సందునే.

పినాకిని గారూ, ఆయన పాత పని కూడా సెమినార్‌లో చెప్పండి. 2000 ప్రాంతంలో పొలిటికల్ కన్‌స్ట్రెయింట్స్ ఇండెక్స్ కట్టారు, పోల్‌కాన్ అంటారు. ఒక దేశంలో పాలకుడు తెల్లారి లేచి పాలసీ మార్చేయాలనుకుంటే ఎన్ని చోట్ల అడ్డం పడతారు? పార్లమెంటు ఉందా, అందులో వేరే పార్టీ బలం ఎంత, రాష్ట్రాలకి అధికారం ఉందా... ఇవన్నీ చూసి సున్నాకీ ఒకటికీ మధ్య ఒక అంకె ఇస్తారు. సున్నా అంటే అడిగేవాడు లేడు. ఒకటి వైపు వెళ్లేకొద్దీ పాలకుడి చేతులకి కట్లు ఎక్కువ, పెట్టుబడికి ధీమా ఎక్కువ.


గోదారోడు75
రాత్రి 10:44

ఆ అంకెలో అమెరికాకి ఎంతొస్తుందండీ రావు గారూ?


డాలస్_రావు
రాత్రి 10:46

మంచి మార్కులే. ఎందుకు అడిగారో అర్థమైంది, కానివ్వండి 🙂


గోదారోడు75
రాత్రి 11:20

మన సరుకు మీద అమెరికా సుంకం ఆగస్టు 7న 25 శాతం అన్నారు. 27న ఇంకో 25. మొత్తం 50. ఆంటీ డంపింగు, కౌంటర్‌వెయిలింగు సుంకాలు (మరీ చవగ్గా అమ్ముతున్నామనీ, సర్కారు సాయం అందుతోందనీ వేసేవి) అంతకుముందే ఉన్నాయి, అవి వేరే. మన రొయ్యతో పోటీపడే ఈక్వెడార్‌కి 15 శాతమే. ఇది కాంగ్రెస్‌లో ఓటేసి పెట్టింది కాదు, ఎమర్జెన్సీ చట్టం పేరు చెప్పి అధ్యక్షుడు సంతకం చేసింది. మరి ఆ కట్లన్నీ ఏమైనట్టు?

మాకు జరిగింది చెబుతా. నాకు ఎనిమిది ఎకరాలు, వెనామీ రొయ్య. కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క, అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది; మేం పెద్ద కౌంటు అనేది పెద్ద రొయ్యనే. పెద్ద కౌంటు అమెరికాకి, చిన్న కౌంటు చైనాకి పోతుందని మా దగ్గర పిల్లోడికీ తెలుసు. అందుకని జనం నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని ముప్పై కౌంటు దాకా పెంచుతారు. పెంచడమంటే ఇంకో నెల మేత, ఇంకో నెల ఏరేటర్ల కరెంటు, ఇంకో నెల వైట్ స్పాట్ తెగులు టెన్షన్. నేను పట్టుబడికి వారం ముందున్నాను. మా ఏజెంటు ఫోన్ చేసి "బాబాయ్, పెద్ద కౌంటు రేటు ఇవాళ చెప్పలేను, ప్లాంటువాళ్లు ఆగమన్నారు" అన్నాడు. అంతే. రేటు తగ్గిందని కూడా అనలేదు, అసలు రేటే లేదన్నాడు. చెరువులో సరుకుంది, బయట దానికి ధర లేదు. మీ బంగారు గని కథ చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

అమ్మాను. ఎంతకని అడక్కండి.


పినాకిని
14 సెప్టెంబరు, ఉదయం 6:50

గోదారోడు గారూ, రాత్రి చదివి చాలాసేపు ఆలోచించాను. మీ ప్రశ్న నేరుగా ఆ పోల్‌కాన్ సూచీకే తగులుతోంది. ఒక మాట మాత్రం ఉంది. ఆగస్టు 29న అమెరికా ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఆ ఎమర్జెన్సీ చట్టం కింద ఇలాంటి సుంకాలు చెల్లవని 7-4తో చెప్పింది. సుప్రీంకోర్టు నవంబరులో వింటానంది. అప్పటిదాకా సుంకాలు అమల్లోనే ఉంటాయి. కట్లు లేకపోలేదు, బిగుసుకోవడానికి నెలలు పడుతోంది.


గోదారోడు75
ఉదయం 7:15

రొయ్య నవంబరు దాకా ఆగదండి.


ఫార్మా_బాబాయ్ | జీడిమెట్ల
ఉదయం 10:12

ఇరవై రెండేళ్లుగా పర్చేజ్‌లో ఉన్నాను. మా వైపు సంగతి.

జియోపాలిటికల్ రిస్క్ అనగానే మీటింగుల్లో ఒకటే మాట వింటాం: "చైనా ప్లస్ వన్", అంటే చైనాతో పాటు ఇంకో చోట కూడా సప్లయర్‌ని పెట్టుకోవడం. చెప్పడం తేలిక. ఒక ముడిసరుకుకి చైనా సప్లయర్ ఉన్నాడు, రెండో సప్లయర్‌ని గుజరాత్‌లో పట్టుకున్నాం అనుకోండి. వెండర్ క్వాలిఫికేషన్ చేయాలి, వాడి సరుకుతో బ్యాచిలు తీయాలి, స్టెబిలిటీ డేటా పెట్టాలి, అమెరికాకో యూరప్‌కో ఫైలింగ్ మార్చుకోవాలి. ఏడాదికి తక్కువ పట్టదు. ఇంతా చేశాక ఒకసారి ఏమైందంటే, ఆ గుజరాత్ ఆయనకి ఇంటర్మీడియట్ (ముడి మందుకి ముందు దశ రసాయనం) ఎక్కడినుంచి వస్తోందా అని కూపీ లాగితే, మా పాత చైనా సప్లయర్ ఏ ఫ్యాక్టరీ నుంచి కొంటున్నాడో ఈయనా అక్కడినుంచే! కాగితం మీద ఇద్దరు. గేటు ఒకటే.

హెనిష్ చేసిన పని చదివితే నాకు తట్టింది అది. కంపెనీ ఎవరి మీద ఆధారపడిందని కాదు, వాళ్లు ఎవరి మీద ఆధారపడ్డారని గీత గీసుకుంటూ పోవడం. మాకు అలాంటి మ్యాపు ఉంటే ఏడాది మిగిలేది.

ఇంకో సంగతి. రిస్కు ఎప్పుడూ పరాయి దేశం నుంచే వస్తుందనుకోకండి. 2020 మార్చి 3న కోవిడ్ మొదట్లో 26 ముడి మందులు, మందుల ఎగుమతి మీద మన దేశమే ఆంక్షలు పెట్టింది. పారాసిటమాల్ కూడా అందులో ఉంది. దేశానికి అది అవసరమే, కాదనను. కానీ అవతల మన సరుకు కోసం చూసే యూరప్ కొనుగోలుదారుడి ఎక్సెల్ షీట్‌లో ఆ రోజు రిస్కు గడిలో ఉన్న పేరు మనదే.


సందేహం_సత్యం
ఉదయం 11:03

ఫార్మా బాబాయ్, మరి కాకినాడ పెన్సిలిన్ సంగతి?


ఫార్మా_బాబాయ్
మధ్యాహ్నం 1:30

భోజనానికెళ్లా. ఆ, 2020లో కేంద్రం బల్క్ డ్రగ్స్‌కి 6,940 కోట్ల పీఎల్ఐ పథకం (ఇక్కడే తయారుచేసేవాళ్లకి ఇచ్చే ప్రోత్సాహకం) పెట్టింది. దాని కిందే కాకినాడ దగ్గర పెన్సిలిన్ జి ప్లాంటు వచ్చింది. ఒకప్పుడు మన దేశంలో పెన్సిలిన్ జి చేసేవాళ్లు ఉండేవారు. చైనా రేటు ముందు నిలబడలేక ఒక్కొక్కరూ మూసేశారు. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాం, మంచిదే. అసలు పరీక్ష ఏంటంటే, వాళ్లు రేపు రేటు దించితే మాలాంటి పర్చేజ్‌వాళ్లం ఎవరి దగ్గర కొంటాం? మా ఇంక్రిమెంట్ కిలోకి ఎంత మిగిల్చావన్నదాని మీద ఉంటుంది. దేశానికి ఎంత ధీమా ఇచ్చావని మా బాస్ ఇంతవరకు అడగలేదు.


మన్యం_మాస్టారు | పాడేరు
సాయంత్రం 5:48

గనుల మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మాది చింతపల్లి వైపు. జెర్రెల కొండల్లో బాక్సైట్, అంటే అల్యూమినియం ముడిరాయి, ఉందని మా తాతల కాలం నుంచీ సర్వేలు చేస్తూనే ఉన్నారు. 2015 నవంబరులో జీవో 97 వచ్చింది, తవ్వకానికి అడవి భూమి ఇస్తూ. దాన్ని ఆపాలని మన్యం అంతా రోడ్డెక్కింది. 2019లో తవ్వకం అనుమతులు రద్దు చేశారు. అంతకుముందే కింద మాకవరపాలెం మండలం రాచపల్లిలో అల్యూమినా ఫ్యాక్టరీ లేచింది. ఏడాదికి 15 లక్షల టన్నులు తీసే ఫ్యాక్టరీ. కొండ మీద రాయి మాత్రం కిందికి దిగలేదు. ఫ్యాక్టరీ ఏళ్ల తరబడి అలా చూస్తూ ఉంది.

మా వాళ్లు ఎందుకు వద్దన్నారో చాలామందికి తెలీదు. బాక్సైట్ ఉన్న కొండ నెత్తి స్పాంజి లాంటిది. వానాకాలం తాగిన నీళ్లని ఎండాకాలం ఊటలుగా వదులుతుంది. కాఫీ, మిరియం, పసుపు, వరి, అన్నీ ఆ ఊటల మీదే. నెత్తి చెక్కేస్తే కింద తోట ఉండదు.

మేడం గారిని ఒకటి అడగాలి. ఆ 50 వేల సంఘటనలు పేపర్ వార్తల్లోంచి ఏరారన్నారు కదా. 2015కి ముందు మా పంచాయతీలో గ్రామసభ జరిగింది, వద్దని తీర్మానం రాశారు. నేనే రాశాను, నా చేతిరాత. ఏ పేపర్లోనూ రాలేదు. విలేకరి ఉండేది నర్సీపట్నంలో, ఆ రోజు వాన. పేపర్లోకి మేం ఎప్పుడు ఎక్కామంటే, రోడ్డు మీద చెట్టు కొట్టి పడేసినప్పుడు. మరి ఆ సూచీకి మేం తెలిసేది చెట్టు పడ్డాకేనా?


పినాకిని
సాయంత్రం 6:30

మాస్టారూ, ఇది నా సెమినార్ కంటే పెద్ద ప్రశ్న. వార్త కానిది ఆ సూచీలో ఉండదు, నిజం. గొడవ ముదిరిన చోట వార్తలు ఎక్కువ, నెమ్మదిగా వద్దని చెప్పిన చోట సున్నా. ఆ సున్నాకి రెండు అర్థాలు: అంతా బాగానే ఉందనీ కావచ్చు, ఎవరూ వినలేదనీ కావచ్చు. లెక్కలో రెండూ ఒకటే అంకె.


హైకోర్టు_మెట్లు
రాత్రి 8:15

మాస్టారి పోస్టుకి చట్టం వైపు నుంచి కొంచెం. ఈ కేసు పాఠ్యపుస్తకంలో పెట్టాల్సింది.

1997 సమతా తీర్పుతో షెడ్యూల్డ్ ఏరియాలో (రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద గిరిజనులకి రక్షణ ఉన్న ప్రాంతం) ప్రైవేటు కంపెనీలకి గని లీజులు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని ఒక దారి వెతికారు: తవ్వేది రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ, రాయి తీసుకునేది కింద ఫ్యాక్టరీ. 2007లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యూఏఈలోని రస్ అల్ ఖైమాతో ఒప్పందం చేసుకుంది. రాయి రాలేదు. 2016లో రస్ అల్ ఖైమా పెట్టుబడుల సంస్థ భారత్-యూఏఈ పెట్టుబడుల ఒప్పందం కింద భారత ప్రభుత్వం మీద అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌కి వెళ్లింది. చూడండి: చింతపల్లి కొండ మీద గొడవ, దావా ఢిల్లీ మీద.

ఇక్కడ హెనిష్ మొదటి సూచీ, రెండో పరిశోధన, రెండూ పక్కపక్కన కనపడతాయి. ఇండియాలో కట్లు బాగానే ఉన్నాయి: కోర్టులు, రాష్ట్రాలు, ఎన్నికలు. పోల్‌కాన్ చూసినవాడు ధీమాగా వస్తాడు. కానీ ఆ కట్లు పెట్టుబడిదారుడి కోసమే ఉంటాయనుకోవడం పొరపాటు. సమతా తీర్పు కూడా కట్టే, అయిదో షెడ్యూలూ కట్టే. పాలకుడి చేతులు కట్టేసే తాడే కంపెనీ కాళ్లకీ చుట్టుకుంటుంది.


సందేహం_సత్యం
రాత్రి 8:52

ఇంతమంది మెచ్చుకుంటున్నారు, నేనొకటి అంటా, తిట్టకండి. ఈ పరిశోధన చివరికి ఎవరికి పనికొస్తుంది? కంపెనీ బోర్డుకి. "చుట్టూ ఉన్నవాళ్లని మచ్చిక చేసుకుంటే మీ షేరు విలువ ఇంత పెరుగుతుంది" అని అంకెతో సహా చెప్పారు. అప్పుడు కంపెనీ ఏం చేస్తుంది? బడికి రంగులు, గుడికి మైకు సెట్టు, సర్పంచి బావమరిదికి కాంట్రాక్టు. మాస్టారి ఊట మాటేంటి? అది ఏ గడిలోకి వస్తుంది?


డాలస్_రావు
రాత్రి 9:20

సత్యం గారూ, అన్యాయంగా మాట్లాడుతున్నారు. దీనిమీద ఆయన 2014లోనే కార్పొరేట్ డిప్లొమసీ అని పుస్తకం కూడా రాశారు. రంగులేసి మాయ చేయమని ఆయన ఎక్కడా చెప్పరు. మాట ఇస్తే నిలబెట్టుకోవాలి, గొడవ రాకముందే వెళ్లి కూర్చోవాలి అనే దాని సారం.

నేను తప్పు పట్టేది ఇంకో చోట. 2010లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో బెన్నెట్ జెల్నర్‌తో కలిసి ఒక వ్యాసం రాశారు. డెబ్బైలనాటిలా ప్రభుత్వాలు ఫ్యాక్టరీని నేరుగా లాక్కునే రోజులు దాదాపు పోయాయి, ఇప్పుడంతా నెమ్మదిగా రూల్స్ మార్చి పిండుకోవడమే అన్నది అందులో వాదన. అప్పటికి సరైనదే. కానీ 2022 తర్వాత చూడండి. ఉక్రెయిన్ మీద దాడి మొదలైన మూడు రోజులకే, ఫిబ్రవరి 27న, బ్రిటన్ చమురు కంపెనీ బీపీ రష్యా చమురు కంపెనీ రాస్‌నెఫ్ట్‌లో తన 19.75 శాతం వాటా వదులుకుంటానంది. ఆ త్రైమాసికంలోనే 2,400 కోట్ల డాలర్లకు పైగా నష్టం రాసుకుంది. 2023 జులైలో కార్ల్స్‌బర్గ్ బీరు ఫ్యాక్టరీలు, డానోన్ పాల ఫ్యాక్టరీలు రష్యా ప్రభుత్వం ఒక్క డిక్రీతో తన అజమాయిషీలోకి తీసుకుంది. డెబ్బైలు తిరిగొచ్చాయి.

వీటిలో కార్ల్స్‌బర్గ్ చుట్టుపక్కల వాళ్లతో ఎంత సఖ్యంగా ఉండి ఏం లాభం? తగువు ఊరిలో లేదు. రెండు రాజధానుల మధ్య ఉంది.


పినాకిని
రాత్రి 9:55

రావు గారూ, అక్కడే నాకు గోదారోడు గారు గుర్తొస్తున్నారు. ఆయన ప్లాంటువాళ్లతో, ఏజెంటుతో, పక్క చెరువుతో అందరితో సఖ్యమే. తగువు వాషింగ్టన్‌కీ ఢిల్లీకీ మధ్య, ఆ రెండో 25 శాతం మనం రష్యా చమురు కొంటున్నామని వేసింది. భీమవరం చెరువుకీ రష్యా చమురుకీ మధ్య గీత గీయాలంటే ఎన్ని చుక్కలు కలపాలి! సఖ్యత లెక్క గని చుట్టూ పనికొస్తుంది. ఇలాంటి చోట పనికొచ్చేది ఫార్మా బాబాయ్ చెప్పిన మ్యాపు. స్లయిడ్ మార్చేస్తున్నా, రెండింటినీ విడదీసి చెబుతా.


మోడరేటర్
రాత్రి 10:02

సుంకాల మీద పార్టీల గొడవలోకి దిగిన మూడు పోస్టులు తీసేశాను. ఎవరివో వాళ్లకి తెలుసు. చర్చ బాగుంది, పాడు చేయకండి.


ఫార్మా_బాబాయ్
రాత్రి 10:10

గోదారోడు అన్నా, మళ్లీ సీడు వేస్తున్నావా, చెరువు ఎండబెట్టావా?


గోదారోడు75
రాత్రి 10:38

సగం వేశా. నాలుగెకరాలు. ఈసారి అరవై కౌంటుకే పట్టేస్తా, పెద్ద కౌంటు ఆశ వద్దనుకున్నా. మిగతా నాలుగెకరాలు ఎండబెట్టా. మా అబ్బాయి అంటాడు, ఇదే నాన్నా డైవర్సిఫికేషన్ అని. నాకైతే భయం అనిపిస్తోంది, పేరు ఏదైతేనేం.

మన్యం మాస్టారూ, మీరు చెట్టు కొట్టి రోడ్డు మీద వేశారు. మేం చెరువు పూడ్చుకుంటే ఎవరికీ రోడ్డు కూడా ఆగదు.


మన్యం_మాస్టారు
రాత్రి 11:04

గోదారోడు గారూ, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

పినాకిని మేడం, ఆ తీర్మానం రిజిస్టర్ ఇంకా పంచాయతీ ఆఫీసు బీరువాలో ఉంది. వాన నీరు తగిలి నాలుగు పేజీలు అంటుకుపోయాయి కానీ మా పేజీ బాగానే ఉంది, నలభై రెండు వేలిముద్రలు, పదకొండు సంతకాలు. సెమినార్‌కి ఫోటో కావాలంటే రేపు స్కూలయ్యాక వెళ్లి తీసి పెడతాను. సర్పంచి గారిని ముందు అడగాలి, తాళం ఆవిడ దగ్గర ఉంటుంది.


పినాకిని
రాత్రి 11:09

అడగండి మాస్టారూ. ఆవిడ సరేనంటేనే. వేలిముద్రలు, పేర్లు కనపడకుండా తేదీ, తీర్మానం ఉన్న భాగం ఒక్కటే చాలు.